కాలువ గట్టు మీద నాలుగు డ్రమ్ములు

ఆ వేసవిలో మా ఇంట్లో మనుషులం నలుగురం, కాలువ గట్టు మీద డ్రమ్ములు నాలుగు. మనుషులం ఒకరితో ఒకరం మాట్లాడుకోని రోజులున్నాయి గానీ డ్రమ్ములు ఒక్క రోజు కూడా పని మానలేదు. ఈ సంగతి ముందే ఎందుకు చెబుతున్నానంటే, తరవాత జరిగిన రభసలో వాటి తప్పు ఆవగింజంత కూడా లేదు. తప్పు నాది. కొంచెం మా అమ్మది. మిగతాది ఎవరిదో మీరే చెబుదురు గాని.

మాది పుట్టగొడుగుల షెడ్డు. గడ్డిని ఉడకబెట్టి, సంచుల్లో కుక్కి, విత్తనం చల్లి చీకట్లో వేలాడదీస్తే మూడు వారాలకు గడ్డంతా తెల్లటి బూజు అల్లుకుంటుంది. ఆ బూజే అసలు ప్రాణి. మనం కూర వండుకునే తెల్ల చిప్పలు దాని కాపు మాత్రమే. మూడు కాపులయ్యాక సంచిలో సత్తువ తగ్గిపోతుంది, తీసి పెరట్లో పారేస్తాం. షెడ్డు పెట్టింది అమ్మ, నడిపేది నేను. అయినా కోత కత్తి మాత్రం ఇప్పటికీ అమ్మ చేతిలోనే ఉంటుంది. గుత్తిని మొదట్లో పట్టుకుని, కొంచెం మెలితిప్పి, కత్తిని ఏటవాలుగా ఒక్కసారి ఆడించి తీస్తుంది. నేను కోస్తే పీకినట్టుంటుందట. విచ్చుకున్న గుత్తి కంటబడితే కోయకుండా వదలడం అమ్మకు చేతకాదు. వదిలేస్తే అది పొడి రాలుస్తుంది, షెడ్డులో ఉన్న వాళ్ళందరికీ దగ్గు పట్టుకుంటుంది.

అన్నయ్య ఊళ్ళో పెద్దాసుపత్రిలో మోటార్ల ఇన్‌చార్జి. పైఅధికారి దగ్గితే ఇంటికొచ్చి తను దగ్గు మందు వేసుకునే రకం. వదినది కూడా ఆ ఆసుపత్రే. అక్కడ వాడేసిన నీళ్ళన్నీ ఒకచోట చేర్చి శుద్ధి చేసి కాలువలోకి వదులుతారు. ఆ శుద్ధి సరిగ్గా జరుగుతోందో లేదో సీసాల్లో పట్టి పరీక్షించడం వదిన ఉద్యోగం. మనిషి చూడ్డానికి మెత్తగా ఉంటుంది. పట్టు పట్టిందా, ఇక వదలదు.

ఎండలు మొదలైన కొత్తల్లో వదిన ఒక నీలం బట్ట కొంది. అది రంగు దిగుతోందని పెరట్లో తొట్టిలో నానబెట్టి, బట్ట తీసి ఆరేసుకుని, ఆ నీలం నీళ్ళను అలాగే వదిలేసింది. నేను పాత సంచులు విసురుతుంటే గురి తప్పి ఒకటి తొట్టిలో పడింది. తీయడానికి బద్ధకించాను. నాలుగు రోజుల తరవాత చూస్తే నీళ్ళు గడ్డి రంగులో ఉన్నాయి. నీళ్ళు ఎవరు మార్చారని వదిన అడిగింది. ఎవరూ మార్చలేదు. నీలం ఏమైందని అడిగింది. సంచి తాగేసి ఉంటుందిలే అని వెటకారంగా అన్నాను. వదిన నవ్వలేదు. తొట్టి పక్కన గొంతుక్కూర్చుని నీళ్ళకేసి చూస్తూ ఉండిపోయింది. ఆవిడ అలా కూర్చుందంటే ఇంట్లో ఎవరికో చాకిరీ తప్పదని అర్థం.

ఆ చాకిరీ ఏమిటో మధ్యాహ్నం భోజనాల దగ్గర చెప్పింది. రోగులు మింగిన మాత్రల్లో చాలా భాగం ఒంట్లోంచి బయటికే పోతుందట. ఆసుపత్రి యంత్రాలు మురికిని తీస్తాయి, వాసన తీస్తాయి, మందులను మాత్రం పట్టుకోలేవు. అవి వచ్చినవి వచ్చినట్టే కాలువలోకి పోతున్నాయి. కాలువ నీళ్ళు దిగువనున్న ఆకుకూరల మళ్ళకు పోతాయి, ఆ తరవాత కింద వీధివాళ్ళు వాడుకునే చెరువులో కలుస్తాయి. నొప్పుల మాత్రలు, మూర్ఛ మాత్రలు, ఈ రెండూ బాగా కనబడుతున్నాయని మూడేళ్ళుగా వదిన కాగితాలు రాసి పైకి పంపుతోంది. నొప్పుల మాత్ర అంటే అమ్మ మోకాళ్ళకు వేసుకునేదే.

"కాలువకి కూడా మోకాళ్ళ నొప్పులొచ్చాయా ఏమిటే?" అంది అమ్మ.

చెక్క కంటే మొండి పదార్థం ఇంకోటి ఉండదు అత్తయ్యా, అని వదిన మొదలుపెట్టింది. ఈ బూజు చెక్కనే కరిగించుకు తింటుంది. అందుకోసం అది ఊరించే రసాలకు నీలం రంగు కూడా విరిగిపోయింది. రంగు విరిగితే మాత్ర ఎందుకు విరగదు? లోకంలో ఎక్కడెక్కడో ఇలా చేసి చూస్తున్నారట. మన పెరట్లో పనికిరాని సంచులు గుట్టగా పడి ఉన్నాయి. మనం ఎందుకు చేసి చూడకూడదు?

అన్నయ్య నీళ్ళు నమిలాడు. ఉద్యోగాలున్నచోట ఇలాంటివి పెట్టుకోకూడదన్నాడు. నేను మాత్రం అప్పటికింకా ఎటూ తేల్చుకోలేదు. తేల్చుకున్నది పెద్ద డాక్టరు గదిలో.

ఆసుపత్రికంతటికీ పెద్ద ఆయన. ఏది చెప్పినా "ఫర్వాలేదు" అంటాడని అందరూ ఆయన్ని ఫర్వాలేదు డాక్టరు అనేవాళ్ళు. లిఫ్టు ఆగిపోతే ఫర్వాలేదు, మెట్లున్నాయి. వదిన మూడేళ్ళ కాగితాలకూ ఆయన జవాబు అదే. ఆ నీళ్ళలో ఏమీ లేదమ్మా, ఫర్వాలేదు. కొలవమని ఏ రూల్లోనూ లేనిదాన్ని కొలవడం దేనికి? ఆ రోజు మేమిద్దరం వెళ్ళి సంచుల సంగతి చెబితే, వదినను చూసి ముసిముసిగా నవ్వి, పుట్టగొడుగులు పళ్ళెంలో ఉంటేనే అందంగా ఉంటాయన్నాడు. వదిన చదువుకున్న చదువంతా ఆ నవ్వులో పోసి కడిగేసినట్టనిపించింది. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. మా షెడ్డు మీద, మా పేరు మీద చేస్తామని అనేశాను. ఇంట్లో ఎవర్నీ అడగలేదు.

ఆయన ఒప్పుకున్నాడు. ఆసుపత్రి గోడ అవతల, కాలువ గట్టు మీద, మా డ్రమ్ములు మేమే తెచ్చుకోవాలి. ఆసుపత్రి పేరు ఎక్కడా రాయకూడదు. వానాకాలం అయిపోయేలోగా ఫలితం చూపించాలి. మధ్యలో ఒక్క ఫిర్యాదు వచ్చినా ఆ రోజే తీసి పారేయాలి.

"ఒక్కటంటే ఒక్కటి" అని వేలు చూపించాడు.

అలా మా షెడ్డుకు కూతవేటు దూరంలో నాలుగు డ్రమ్ములు గట్టెక్కాయి. అడుగునా పక్కలా బెజ్జాలు పెట్టి, సంచులు విప్పి తెల్లబూజు పట్టిన గడ్డి నింపాం. శుద్ధి అయి బయటికి వచ్చే నీళ్ళలోంచి ఒక సన్నటి పైపు వీటి మీదికి రావాలి. దాని వాల్వు మోటార్ల గదిలో ఉంది. అన్నయ్యను అడిగితే అది తన పరిధిలోకి రాదన్నాడు. మర్నాడు పొద్దున చూస్తే పైపులోంచి నీళ్ళు సన్నగా కారుతున్నాయి. వాల్వు ఎవరు తిప్పారని అడిగితే తనకేం తెలియదన్నాడు. వేసవి మొత్తం రోజూ అదే వరస. వాల్వు దానంతటదే తిరిగేది, అన్నయ్య చేతికి మాత్రం గ్రీజు అంటుకుని ఉండేది.

మొదటి పది రోజులు మా తల ప్రాణం తోకకొచ్చింది. గడ్డి మీద జిగురు పట్టింది, కుళ్ళు వాసన కొట్టింది. మురికి నీళ్ళలో ఉండే సూక్ష్మజీవులు మన బూజును తినేస్తున్నాయి, దీనికి చాలా చోట్ల విరుగుడు దొరకలేదని వదిన పుస్తకాలు ముందేసుకుని దిగులుపడింది. నాకు పుస్తకాలు తెలియవు గానీ షెడ్డు తెలుసు. షెడ్డులో సంచికి పచ్చబూజు పడితే దాన్ని బతిమాలుకుంటూ కూర్చోం. తీసేసి ఇంకో సంచి పెడతాం. రెండు రోజులకొక డ్రమ్ము చొప్పున ఖాళీ చేసి, కొత్త గడ్డి నింపుతూ తిప్పుదాం, మనకు సంచులకు కొరతా అన్నాను. వదిన, ఇన్నాళ్ళూ ఈ మాట ఎందుకు చెప్పలేదని నన్నే కసిరింది.

ఆ వేసవిలో గడ్డి ఎత్తి పోసీ పోసీ నా భుజాలు కాయలు కాచాయి. దానికి తోడు అమ్మ చట్టం ఒకటి. డ్రమ్ముల దగ్గర్నించి వచ్చినవాళ్ళు స్నానం చేయకుండా షెడ్డులో అడుగు పెట్టకూడదు. రోజుకు మూడు స్నానాలు. ఇంత శుభ్రంగా ఉండే వదినామరదళ్ళు ఇంకెక్కడా ఉండరని వదిన తడి జుట్టు దులుపుకుంటూ నవ్వేది. ఆవిడ అంతగా నవ్వడం అంతకుముందు చూడలేదు.

డ్రమ్ములోకి పోయే నీళ్ళు ఒక సీసా, డ్రమ్ములోంచి వచ్చే నీళ్ళు ఒక సీసా, అలా వారం వారం పట్టి దాచేవాళ్ళం. పక్క ఊరి కాలేజీలో వదినతో చదువుకున్నావిడ దగ్గర దీన్ని కొలిచే యంత్రం ఉంది. నెలా నెలా వదిన బస్సులో సీసాలు ఒళ్ళో పెట్టుకుని వెళ్ళేది. రెండోసారి వచ్చిన ఫలితం నాకింకా గుర్తుంది. నొప్పుల మందు పది పాళ్ళు లోపలికి పోతే రెండు పాళ్ళే బయటికి వచ్చింది. మూర్ఛ మందు మొండిది, పదికి ఆరు అలాగే మిగిలింది. నేను ఎగిరి గంతేశాను. వదిన ఆ ఆరును తలుచుకుని రెండు రోజులు మొహం మాడ్చుకుంది.

అలా వానలదాకా లాక్కొచ్చాం. తరవాత నా తప్పు మొదలైంది.

మా చిప్ప పుట్టగొడుగులకు ఎండంటే పడదు. ఎండల్లో బూజు బతికే ఉంటుంది గానీ కాయదు. నాలుగు చినుకులు పడి గాలి చల్లబడిందా, ఎక్కడున్న గడ్డి అక్కడ గుత్తులు గుత్తులుగా విచ్చుకుంటుంది. ఈ పనిలో పుట్టి పెరిగినదాన్ని, నాకు ఇది తెలియదంటే ఎవరూ నమ్మరు. తెలుసు. షెడ్డు విషయంలో తెలుసు. డ్రమ్ముల్లో ఉన్నది కూడా ఆ గడ్డే, ఆ బూజే అన్నది మాత్రం నాకు తట్టలేదు. అప్పటికి వాటిని ఒక యంత్రం కింద లెక్కగట్టేశాను.

తొలి ముసురు నాలుగు రోజులు పట్టింది. వదిన మూడో విడత సీసాలతో కాలేజీకి వెళ్ళి వానకు అక్కడే ఆగిపోయింది. షెడ్డు మొత్తం ఒక్కసారిగా కాసింది. నేనూ అమ్మా కోత, బుట్టలు సర్దడం, మళ్ళీ కోత. డ్రమ్ముల వైపు రేపు వెళ్దాం, రేపు వెళ్దాం అనుకుంటూ నాలుగు రోజులు గడిపేశాను. అయిదో రోజు పొద్దున బుట్టలన్నీ వెళ్ళిపోయాక, వాన తెరిపిస్తే గట్టు మీదికి వెళ్ళాను.

డ్రమ్ముల పక్కలకు కొట్టిన బెజ్జాల్లోంచి, పైన అంచుల చుట్టూ, తెల్లటి మొదళ్ళు. ప్రతి మొదలూ ఏటవాలుగా, నున్నగా కోసి ఉంది. ఊరంతటిలో అలా కోసే చెయ్యి ఒక్కటే.

ఇంటికి పరుగెత్తి అడిగితే అమ్మ తాపీగా చెప్పింది. తెల్లారగట్ల పువ్వుల్లా విచ్చుకుని కనబడ్డాయట. షెడ్డులో వాటికంటే పెద్ద చిప్పలట. వదిలేస్తే పొడి రాలుస్తాయని కోసి బుట్టల్లో కలిపేసిందట.

"ఆ నీళ్ళకు కాసినవి ఎలా కలిపావమ్మా?"

"అదేమిటే. మూడు నెలలుగా నీళ్ళు శుభ్రం చేస్తున్నామని మీరేగా చెబుతున్నది."

మేం ఆ మాటే అన్నాం. కాసినవి తినొద్దని ఒక్క ముక్క కూడా అనలేదు. మందంతా విరిగిపోయిందో, కొంత గుత్తుల్లోకి ఎక్కిందో ఎవరికి తెలుసు? వదిన కొలిచింది నీళ్ళను, పుట్టగొడుగులను కాదు. ఆ పొద్దున బుట్టలన్నీ ఒక్కచోటికే వెళ్ళాయి. ఆసుపత్రి కాంటీన్‌కి.

చెప్పులు కూడా వేసుకోకుండా వెళ్ళాను. కాంటీన్ వంటమాస్టరు మూడేళ్ళుగా మా దగ్గరే కొంటాడు. మనిషి మంచివాడు, నోరు మాత్రం ఒక చోట ఆగదు. నేను వెళ్ళేసరికి పుట్టగొడుగులన్నీ కడిగి, తరిగి, పెద్ద గిన్నెలో వేసి మూత పెట్టాడు. ఆవిరి వస్తోంది. స్టవ్ ఆపమని చెప్పి, జరిగింది ఉన్నదున్నట్టు చెప్పాను. ఆయన గరిటె పట్టుకుని నన్ను ఎగాదిగా చూశాడు.

"ఎవరికి తెలుస్తుందమ్మా? నువ్వు చెప్పవు, నేను చెప్పను. పుట్టగొడుగు నోరిప్పదు" అన్నాడు గొంతు తగ్గించి. "ఇది బయటపడిందనుకో, రేపణ్ణించి నీ బుట్ట ఈ గడప దాటదు. నీ డ్రమ్ములు కూడా ఉండవు. ఆలోచించుకో."

ఆలోచించుకున్నాను. అబద్ధం ఎందుకు, ఆ ఆవిరి చూస్తూ ఒక నిమిషం నిజంగానే ఆలోచించుకున్నాను. ఒక్క ఫిర్యాదు అని చూపించిన ఆ వేలు కళ్ళ ముందు ఆడింది. వదిన మూడేళ్ళ కాగితాలు, నా భుజాలు, అన్నయ్య గ్రీజు చేతులు, అన్నీ ఆ గిన్నెలోనే ఉన్నాయి.

"పైన వార్డులో పిల్లలకు కూడా ఇదే పంపుతారు కదా మాస్టారూ" అన్నాను.

ఆయన స్టవ్ ఆపేశాడు. మరి మధ్యాహ్నం ఏం చెప్పమంటావని అడిగాడు. నిజమే చెప్పండి, నా పేరు పెట్టి చెప్పండి అన్నాను. ఇద్దరం గిన్నెను చెరో వైపు పట్టుకుని పెరట్లో గొయ్యి తీసి కుమ్మరించాం.

మధ్యాహ్నానికి ఆసుపత్రిలో గోడలకు కూడా తెలిసిపోయింది. సాయంత్రం అన్నయ్య ఒక నోటీసు తెచ్చి బల్ల మీద పెట్టి కుక్కిన పేనులా కూర్చున్నాడు. మా షెడ్డు నుంచి విషపు పుట్టగొడుగులు వచ్చాయని, రేపు పది గంటలకు సంజాయిషీ చెప్పుకోవాలని, ఆ వెంటనే డ్రమ్ములు తీసేయాలని అందులో ఉంది. అప్పుడే బస్సు దిగి వచ్చిన వదిన ఆ కాగితాన్ని రెండుసార్లు చదివింది. ఆవిడ సంచిలో మూడో ఫలితం ఉంది. నొప్పుల మందు పదికి ఒకటిన్నర, మూర్ఛ మందు పదికి అయిదు. దాన్ని బయటికి తీయడానికి కూడా ఆవిడకు మనసు రాలేదు.

అమ్మ కత్తి కడిగి, తుడిచి, అటక మీద పెట్టేసింది. ఇక కోయనంది. ఇన్నేళ్ళలో ఒకళ్ళకు కడుపునొప్పి తెప్పించిన చెయ్యి కాదు, ఇవాళ పిల్లలకు పెట్టబోయిందంది. తప్పు నాదని ఎంత చెప్పినా వినలేదు. నాకు ఏడుపొచ్చింది, దాని వెనకాలే కోపమొచ్చింది. విషపు పుట్టగొడుగులు అన్న ఆ ముక్క నన్ను వదల్లేదు. దాన్ని పట్టుకుని ఆలోచిస్తుంటే, దానికి ఇంకో కొస ఉందని తోచింది. వదినకు చెప్పాను. వదిన సంచిలోంచి ఫలితాల కాగితం తీసి ఇస్త్రీ చేసినట్టు చేత్తో సాపు చేసింది.

పొద్దున డ్రమ్ముల మీద మళ్ళీ గుత్తులు విచ్చుకుని ఉన్నాయి. ఒకటి కోసి తీసుకెళదామని నేను వంటింటి చాకు తీశాను. అమ్మ లేచి, స్టూలు వేసుకుని, అటక మీంచి తన కత్తి దించింది.

"నువ్వు పీకుతావు" అంది. "పద, నేనూ వస్తున్నా."

పెద్ద డాక్టరు గదిలో బల్ల చుట్టూ ఆయన, ఇంకో ఇద్దరు డాక్టర్లు, భవనాలు చూసే ఇంజనీరు కూర్చున్నారు. ఎదురుగా అమ్మ, వదిన, నేను. సాక్ష్యానికి వంటమాస్టరును పిలిపించారు. అన్నయ్య తలుపు దగ్గర నిలబడ్డాడు. నేను స్టీలు పళ్ళెంలో గుత్తిని పెట్టి బల్ల మధ్యలో ఉంచాను. నిజం చెప్పాలంటే చాలా అందంగా ఉంది.

ఆయన ఆ రోజు ఫర్వాలేదు అనలేదు. రోగులుండే చోటికి విషపు పుట్టగొడుగులు పంపడం ఎంత నేరమో తెలుసా అని మొదలుపెట్టాడు. అయ్యేదాకా విన్నాను. పంపింది మేమే, ఆపిందీ మేమే అన్నాను. కలిసిపోయినందుకు తప్పు నాది, అది ఎక్కడ రాయమన్నా రాసిస్తానన్నాను. ఆ తరవాత ఇది విషపు జాతి కాదన్నాను. మూడేళ్ళుగా కాంటీన్లో వండుతున్నది ఈ జాతే, తమరు మొన్న కూడా తిన్నారు.

"రెండోసారి వడ్డించమన్నారు కూడా" అన్నాడు వంటమాస్టరు. ఎవరూ అడగలేదు ఆయన్ని.

"మరి దీంట్లోకి విషం ఎక్కణ్ణించి వచ్చిందండీ?" అన్నాను.

"అదేం ప్రశ్న. ఆ నీళ్ళలో పెరిగింది కదా."

"ఆ నీళ్ళలో ఏమీ లేదని తమరే కదండీ అన్నది. మా వదినకు మూడేళ్ళుగా అదే చెబుతున్నారు."

నేను పళ్ళేన్ని ఆయన ముందుకు తోశాను. ఏమీ లేకపోతే మాస్టారు ఇప్పుడే ఉడికించి తెస్తారు, తమరు ఒక ముక్క తినండి, నేనూ ఒక ముక్క తింటాను, డ్రమ్ములు నేనే మోసుకుపోతాను అన్నాను. తినేదాన్నే. అంత కోపంలో ఉన్నాను. వదిన బల్ల కింద నా మణికట్టు పట్టుకుంది.

ఆయన పళ్ళెం వైపు చూశాడు. ఆయన పక్కన మంచినీళ్ళ గ్లాసు ఉంది. దాన్ని రెండు వేళ్ళతో పట్టుకుని, పళ్ళేనికి దూరంగా, అవతలికి జరిపాడు.

ఆయన చేసింది అంతే. గదిలో ఉన్నవాళ్ళందరం చూశాం. జరిపాక తనూ చూసుకున్నాడు.

తరవాత, సరే, కాంటీన్‌కి ఈ షెడ్డు సరుకు వద్దు, డ్రమ్ముల మీద కాసినవి ఎవరూ తినకూడదు, ఆ మేరకు ఆర్డరు రాయిస్తానన్నాడు. అప్పుడు తలుపు దగ్గర్నించి ఒక గొంతు వినిపించింది. అన్నయ్యదని పోల్చుకోవడానికి నాకు క్షణం పట్టింది.

"కారణం రాయాలండీ. కారణం లేని ఆర్డరు ఏ ఫైల్లోనూ ఎక్కదు. మాకు ట్రైనింగులో చెప్పారు." ఇంకో మాట కూడా అన్నాడు. "ఆ వాల్వు రోజూ తిప్పింది నేనేనండీ."

కారణం రాయడానికి ఆయనకు అరగంట పట్టింది. జాతి మంచిది కాదని రాస్తే మూడేళ్ళు వండి పెట్టినట్టు కాంటీన్ చెబుతుంది. చేసినవాళ్ళ శుభ్రత మంచిది కాదని రాయబోతే, రోజుకు మూడు స్నానాలు చేయించానని అమ్మ లేచి నిలబడింది. ఆఖరికి ఒకే ఒక్క వాక్యం మిగిలింది. ఆసుపత్రి నుంచి వెలువడే నీటిలో మందుల అవశేషాలు ఉన్నందున, ఆ నీటితో పెరిగిన పుట్టగొడుగులు తినడానికి పనికిరావు. వదిన మూడేళ్ళుగా అడుగుతున్నది ఆ మొదటి సగమే. సంతకం కూడా పెట్టండి అంది, మెత్తగానే.

ఆ పైన డ్రమ్ములు తీసేయాలన్న వాక్యం రాయబోతుంటే ఇంజనీరు అడ్డుపడ్డాడు. నీళ్ళలో మందులున్నాయని పైన రాసి, వాటిని తగ్గిస్తున్నదాన్ని తీసేయమని కింద రాస్తే రేపు మనల్నే అడుగుతారండీ అన్నాడు. వదిన ఫలితాల కాగితాన్ని ఆయన ముందు పెట్టింది. డ్రమ్ముల వాక్యం ఖాళీగా ఉండిపోయింది.

గెలిచామని ఎవరైనా అంటే నాకు నవ్వొస్తుంది. కాంటీన్ పోయింది. వీధిలో దుకాణాలవాళ్ళు మా బుట్ట చూసి మొహం తిప్పుకున్నారు. ఆ వానాకాలం షెడ్డులో సగం తాళ్ళు ఖాళీగా వేలాడాయి, మంచి కాపు వచ్చే రోజుల్లో మేం నలుగురమే మూడు పూటలా పుట్టగొడుగులు తిన్నాం. అన్నయ్యను రెండు నెలలు పాత మోటార్ల గోదాములో వేశారు. ఆ రెండు నెలలూ అన్నయ్య దగ్గు మందు వేసుకోలేదు, అది మాత్రం నేను గమనించాను. వానలు తగ్గేవేళకు ఇంజనీరు ఇంకో నాలుగు డ్రమ్ములు పంపించాడు. ఉత్తరం గిత్తరం ఏమీ లేదు, డ్రమ్ములు దిగాయి. వదిన మూర్ఛ మందును నాలుగుకు దించింది, ఇంకా మొహం మాడ్చుకునే ఉంది.

అమ్మ మాత్రం రోజూ పొద్దున్నే గట్టు మీదికి వెళ్ళేది. ఎనిమిది డ్రమ్ముల మీదా విచ్చుకున్న ప్రతి గుత్తినీ మెలితిప్పి, ఏటవాలుగా, మంచి సరుకును కోసినంత మర్యాదగా కోసేది. గొయ్యి తీసి, సున్నం చల్లి పూడ్చేది. పారేసేదాన్ని అంత శ్రద్ధగా కోయడం దేనికని అడిగితే, పని చేసి అలిసిపోయినవాటిని పీకి పారేస్తామా అనేది.

ఒక రోజు కింద వీధి నుంచి ఒకావిడ వచ్చింది. దుకాణాల్లో మా సరుకు దొరకడం లేదని షెడ్డుకే వచ్చేసింది. ఆ గొడవ తనకు తెలుసని మొహం చెబుతూనే ఉంది. తూకం దగ్గర నిలబడి, బుట్టలోవాటిని వేలితో కదిపి చూసి, గట్టు వైపు తల తిప్పింది. అక్కడ డ్రమ్ముల మీద కొత్త గుత్తులు తెల్లగా మెరుస్తున్నాయి.

"ఇవి అవేనా?" అని అడిగింది.

"అవి అమ్మం తల్లీ" అంది అమ్మ. "అవి డ్యూటీలో ఉన్నాయి."

ఆవిడ ఇంకాసేపు గట్టు వైపే చూసింది. తరవాత చేతిసంచి విప్పి తూకం మీద పెట్టింది. అమ్మ కత్తి తీసుకుని, ఆవిడ కళ్ళ ముందే, షెడ్డులోంచి తాజా గుత్తి ఒకటి కోసి తూచింది.